రెండు వెదుళ్లు, రెండు దారాలు: ఖండన బిందువు చరిత్ర

క్రీ.శ. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు రచించిన 'లీలావతి'లో, క్షేత్రవ్యవహారమనే భాగంలో, వెదుళ్లకు సంబంధించిన ఒక చిన్న లెక్క ఉంది. సమతలమైన నేలపై రెండు వెదుళ్లు నిటారుగా నిలిచి ఉన్నాయి. ఒకదాని ఎత్తు 15 మూరలు, రెండవదాని ఎత్తు 10 మూరలు. ఒక్కొక్క వెదురు కొననుంచి ఎదుటి వెదురు మొదలు వరకు ఒక దారం బిగించి కట్టారు. రెండు దారాలూ నడుమ ఒకచోట ఒకదానినొకటి ఖండించుకుంటాయి. ఆ చోటు నేలకు ఎంత ఎత్తున ఉన్నది? ఇదీ ప్రశ్న.

చదివిన వెంటనే విద్యార్థికి ఒక లోపం కనిపిస్తుంది. రెండు వెదుళ్ల నడుమ దూరమెంతో చెప్పలేదు. అది మరపు కాదు. నడిమి నేల కొలత తెలియదని భాస్కరుడు శ్లోకంలోనే స్పష్టంగా చెప్పి, ఆ పైననే ప్రశ్న అడిగాడు. సమాధానం 6 మూరలు. నడుమ దూరం 5 మూరలైనా, 10 అయినా, 15 అయినా, 20 అయినా లంబం మారదని వివరణలో ఆయన చూపాడు. మారేవి లంబానికి ఇరువైపులా ఉన్న నేల ఖండాలు మాత్రమే. నేల 5 మూరలైతే ఖండాలు 3, 2. 10 మూరలైతే 6, 4. 15 అయితే 9, 6. 20 అయితే 12, 8.

రెండు సరళరేఖలు ఎక్కడ కలుస్తాయో బీజగణితంతో కనుగొనే పద్ధతిని నేడు ప్రతి ఉన్నత పాఠశాలలోనూ బోధిస్తున్నారు. పదవ తరగతి పాఠ్యపుస్తకంలో 'రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత' అన్న అధ్యాయం ఆ పనికే ఉద్దేశించినది. అయితే ఆ పద్ధతికి వెనుక ఉన్న చరిత్ర అంత సులభంగా ఒక్క అధ్యాయంలో ఇమిడేది కాదు. అందులో పాటలీపుత్రపు జ్యోతిషపండితుడు ఉన్నాడు, కన్నడదేశపు జైన గణితజ్ఞుడు ఉన్నాడు, గోదావరీ తీరపు తెలుగు కవి ఉన్నాడు, ఫ్రెంచి తత్త్వవేత్త ఉన్నాడు, కలకత్తా గణక కార్యాలయపు ఉద్యోగి కూడా ఉన్నాడు. వీరిలో ఎవరి వాటా ఎంతో నిగ్గుతేల్చడంలో అతిశయోక్తికీ అలక్ష్యానికీ సమానంగా చోటు లభిస్తూ వచ్చింది.

ఈ కథ భాస్కరునితో మొదలు కాదు. క్రీ.శ. 499 నాటి 'ఆర్యభటీయం'లోని గణితపాదంలో వెంటవెంటనే వచ్చే రెండు సూత్రాలు ఇందుకు మూలం. మొదటిది ఇద్దరు మనుషుల ఆస్తికి సంబంధించినది. ఇద్దరి దగ్గరా వెల తెలియని వస్తువులు కొన్ని, రొక్కం కొంత ఉన్నాయి. వెల తెలియని వస్తువును ఆర్యభటుడు గుళిక అన్నాడు, నాణేన్ని రూపకం అన్నాడు. ఇద్దరి ఆస్తీ సమానమైతే, రూపకాల భేదాన్ని గుళికల భేదంతో భాగించగా వచ్చినదే గుళిక వెల అని సూత్రం.

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఒకని దగ్గర 4 గుళికలు, 30 రూపకాలు ఉన్నాయి. రెండవవాని దగ్గర 7 గుళికలు, 12 రూపకాలు ఉన్నాయి. రూపకాల భేదం 18, గుళికల భేదం 3. కాబట్టి ఒక్కొక్క గుళిక వెల 6 రూపకాలు. ఇద్దరి ఆస్తీ 54 రూపకాలు. నేటి విద్యార్థి ఇదే లెక్కను గళ్ల కాగితం మీద గీస్తే, గుళిక వెలతోపాటు ఒక్కొక్కరి ఆస్తి పెరిగే తీరు ఒక్కొక్క సరళరేఖ అవుతుంది. ఒక రేఖ ఎత్తున మొదలై మెల్లగా ఎక్కుతుంది, మరొకటి దిగువన మొదలై వేగంగా ఎక్కుతుంది. వెల 6 దగ్గర అవి కలుస్తాయి. ఆర్యభటుని సూత్రం ఆ ఖండన బిందువును చెబుతున్నది.

రెండవ సూత్రం గమనానికి సంబంధించినది. ఎదురెదురుగా వచ్చే రెండు వస్తువుల నడుమ దూరాన్ని వాటి వేగాల మొత్తంతో భాగించాలి. ఒకే దిక్కుగా పోయే వాటి నడుమ దూరాన్ని వేగాల భేదంతో భాగించాలి. వచ్చినది అవి కలిసే కాలం, లేదా కలిసి విడిపోయి గడిచిన కాలం. ఆకాశంలో గ్రహాలు ఎప్పుడు కలుస్తాయో చెప్పవలసిన జ్యోతిషపండితునికి ఇది నిత్యావసరం. ఆస్తి లెక్కయైనా గ్రహగతియైనా పని ఒక్కటే. తెలియని విలువను గురించి రెండు వేర్వేరు మాటలు చెప్పాలి, ఆ రెండూ ఒకేసారి నిజమయ్యే చోటును వెదకాలి. ఒక్క మాటతో ఆ చోటు నిశ్చయం కాదు.

క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం' రచించాడు. ఆయన నివసించిన భిల్లమాల, నేటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్. ఆర్యభటుని సూత్రం ఆయన చేతిలో అన్ని రకాల రాశులకూ వర్తించే సామాన్య నియమమైంది. ధనం, ఋణం, శూన్యం అనే మూడింటికీ కూడిక, తీసివేత, గుణకార నియమాలను ఆయన క్రమబద్ధంగా చెప్పాడు. ఒకటికంటె ఎక్కువ అవ్యక్తాలు ఉన్నప్పుడు వాటిని వర్ణాల పేర్లతో, అంటే రంగులతో, గుర్తించే సంప్రదాయం స్థిరపడింది. మొదటి అవ్యక్తం యావత్తావత్తు, తరువాతివి కాలకం, నీలకం, పీతకం. వీటి తొలి అక్షరాలైన యా, కా, నీ, పీ అన్నవే గుర్తులు. తెలిసిన రాశికి 'రూ' అన్నది గుర్తు. సమీకరణంలోని రెండు పక్షాలనూ ఒకదాని కింద ఒకటి రాసేవారు. పై ఉదాహరణను ఆ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

యా 4 రూ 30
యా 7 రూ 12

ఋణరాశులకు నియమాలు సిద్ధమైన తరువాత వెదుళ్ల లెక్కకూ ఆస్తి లెక్కకూ ఉన్న చుట్టరికం స్పష్టంగా కనిపిస్తుంది. 15 మూరల వెదురు మొదలును ఆరంభంగా, నడిమి నేల మొత్తాన్ని ఒకటిగా తీసుకుందాం. ఆరంభం నుంచి ఎంత భాగం జరిగితే అంత 'యా' అనుకుంటే, మొదటి దారం సున్న నుంచి 10 మూరల వరకు ఎక్కుతుంది. దాని ఎత్తు యా 10, రూ 0. రెండవ దారం 15 మూరల నుంచి సున్నకు దిగుతుంది. దాని ఎత్తు ఋణ యా 15, రూ 15. ఇప్పుడు ఆర్యభటుని సూత్రాన్ని అన్వయిస్తే చాలు. రూపకాల భేదం 15. గుళికల భేదం 10కీ ఋణ 15కీ గల భేదం, అంటే 25. భాగించగా వచ్చినది మూడైదవ వంతులు. అంతదూరంలో మొదటి దారం ఎత్తు 10లో మూడైదవ వంతులు, అంటే 6 మూరలు. నేలను 'ఒకటి' అని పేర్కొన్నందున దాని అసలు కొలత లెక్కలోకి రానేలేదు. భాస్కరుడు ఆ కొలతను చెప్పకుండా విడిచిపెట్టడంలోని రహస్యం ఇదే.

భాస్కరుడు మాత్రం ఈ దారిన నడవలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆయన చెప్పిన సూత్రం మరింత క్లుప్తమైనది. రెండు వెదుళ్ల ఎత్తుల గుణకారాన్ని వాటి మొత్తంతో భాగించాలి. 150ని 25తో భాగిస్తే 6. దీనికి ఆయన చూపిన ఉపపత్తి త్రైరాశికం. నేల అంతటికీ వెదురంత ఎత్తు వస్తే, నేలలో ఇంత ఖండానికి ఎంత ఎత్తు వస్తుంది అన్నది ఆ త్రైరాశికం. సరళరేఖ స్వభావమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నది. రేఖ ఎంత దూరం పోతే దానికి తగినంత ఎక్కుతుంది, లేదా దిగుతుంది. ఆ నిష్పత్తి మారదు. నేటి పాఠ్యపుస్తకం దానినే 'వాలు' అంటుంది.

ఈ లెక్క భాస్కరుని సొంత కల్పన కూడా కాదు. ఆయనకు సుమారు 300 ఏళ్లకు ముందే, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో రెండు స్తంభాల కొనలనుంచి కట్టిన సూత్రాలు ఖండించుకునే చోటునుంచి దిగే లంబాన్ని కనుగొనే విధానం చెప్పాడు. తెలుగువారికి ఈ గ్రంథంతో ఉన్న బంధం ప్రత్యేకమైనది. పావులూరి మల్లన దానిని 'సారసంగ్రహ గణితము' పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మల్లన రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుని కాలంవాడని, అంటే నన్నయకు సమకాలికుడని, పలువురు సాహిత్య చరిత్రకారుల అభిప్రాయం. తరువాతి తరంవాడన్న వాదమూ ఉంది. ఏ కాలంవాడైనా, తెలుగులో లభిస్తున్న తొలి శాస్త్రగ్రంథాలలో ఆయనది ముందువరుసలో నిలుస్తుంది.

మల్లన పనిని కేవలం అనువాదమని తేల్చివేయడం న్యాయం కాదు. మూలగ్రంథకర్త జైనుడు, మల్లన శైవుడు. జినస్తుతుల స్థానంలో శివస్తుతి వచ్చింది, లెక్కలు తెలుగు నేలకు తగిన వేషం వేసుకున్నాయి. అయినా సూత్రం చెక్కుచెదరలేదు. మతం మారినా, భాష మారినా, ఛందస్సు మారినా మారనిదేదో అదే గణితమన్న సత్యానికి ఆ గ్రంథం నిదర్శనం. కావ్యభాషగా తెలుగు ఇంకా నిలదొక్కుకుంటున్న కాలంలోనే శాస్త్రభాషగానూ అది నిలబడగలదని ఒక కవి నమ్మి చూపాడు. లెక్క తెలియడం సంస్కృతం వచ్చినవారికి మాత్రమే పరిమితం కానక్కరలేదన్న నిర్ణయం అందులో ఉంది. శాస్త్రబోధనలో మాతృభాష స్థానాన్ని గురించి ఇప్పటికీ సాగుతున్న చర్చలో ఈ ఉదాహరణకు దక్కవలసినంత చోటు దక్కలేదు.

'లీలావతి' సైతం ఒక భాషలో ఆగిపోలేదు. అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో దానిని పారసీలోకి తెచ్చాడు. షాజహాను కాలంలో, 1634-35లో, అతాఉల్లా రషీదీ భాస్కరుని 'బీజగణితం' గ్రంథాన్ని పారసీ చేశాడు. 1817లో హెన్రీ థామస్ కోల్‌బ్రూక్ బ్రహ్మగుప్త, భాస్కరుల గణితాన్ని సంస్కృతంనుంచి ఇంగ్లీషులోకి అనువదించి లండన్‌లో ప్రచురించాడు. భారతీయ బీజగణితం ఐరోపా పండితులకు విపులంగా తెలియవచ్చినది అప్పటినుంచే.

అయితే అప్పటికి ఐరోపాలో మరొక పరిణామం జరిగి 180 ఏళ్లయింది. 1637లో రెనె దెకార్త్ తన జ్యామితి గ్రంథాన్ని ప్రకటించాడు. దాదాపు అదే కాలంలో పియర్ ద ఫెర్మా కూడా అదే భావాన్ని ఒక లఘుగ్రంథంలో ప్రతిపాదించాడు. అది ఆయన మరణానంతరం 1679లో అచ్చయింది. రెండు అవ్యక్తాలున్న సమీకరణం దానంతట అదే ఒక రేఖ అన్నది ఆ భావం. సమీకరణం మొదటి తరగతిదైతే ఆ రేఖ సరళరేఖ. అంతవరకు సమీకరణం ఒక ప్రశ్న. దానికి జవాబు ఒక సంఖ్య. ఇప్పుడు సమీకరణమే ఒక ఆకృతి అయింది. దాని మీది ప్రతి బిందువుకూ రెండు సంఖ్యలు చిరునామాగా ఏర్పడ్డాయి. రెండు రేఖలు కలవడమంటే రెండు సమీకరణాలు ఒకే జత సంఖ్యలతో తృప్తి చెందడమే. వాటినే తెలుగులో నిరూపకాలు అంటున్నారు.

ఇక్కడ రెండు అతివాదాలు ఎదురవుతాయి. నిరూపక జ్యామితి అంతా ఆర్యభట, భాస్కరుల గ్రంథాలలోనే ఉన్నదని ఒక వర్గం అంటుంది. భారతీయ గణితమంతా ఉపపత్తి లేని లెక్కల చిట్కాల మూట అని మరొక వర్గం కొట్టిపారేస్తుంది. గ్రంథసాక్ష్యం రెండింటినీ సమర్థించదు. ఆర్యభటుని సూత్రం రెండు రేఖల ఖండన బిందువును కచ్చితంగా ఇస్తుంది, కాని ఆయన అక్కడ రేఖలను చూడలేదు, ఆస్తిని చూశాడు. భాస్కరుడు దారాల రూపంలో రేఖలను చూశాడు, కాని ఒక్కొక్క దారానికి ఒక సమీకరణం రాయలేదు. మరోవంక, ఉపపత్తి రెండు విధాలని, ఒకటి క్షేత్రగతం, మరొకటి రాశిగతం అని భాస్కరుడే తన 'బీజగణితం'లో స్పష్టంగా చెప్పాడు. ఒకే సత్యాన్ని ఆకృతితోనూ అక్షరాలతోనూ నిరూపించవచ్చునని తెలిసినవాడు ఆయన. జ్యామితి, బీజగణితం ఆయన గ్రంథాలలో ఒకే వీధిలోని ఇరుగుపొరుగు ఇళ్లు. వాటి నడుమ గోడను తొలగించినవారు దెకార్త్, ఫెర్మా. ఈ రెండు మాటలనూ కలిపి చెప్పినప్పుడే చరిత్ర సరిగ్గా చెప్పినట్లవుతుంది.

రేఖలు అసలు కలవకపోతే ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఈ సందర్భంలో ఆసక్తికరం. ఇద్దరి దగ్గరా నాలుగేసి గుళికలే ఉండి, రొక్కం మాత్రం ఒకనికి 30, మరొకనికి 12 రూపకాలు ఉంటే, గుళికకు ఏ వెల కట్టినా ఆస్తులు సమానం కావు. సూత్రం ప్రకారం 18ని శూన్యంతో భాగించవలసి వస్తుంది. గీసి చూస్తే అవి సమాంతర రేఖలు. శూన్యం హారంగా గల రాశిని భాస్కరుడు ఖహరమన్నాడు. సృష్టిలో జీవులు వెలువడినా ప్రళయంలో లీనమైనా మార్పులేని అనంతునితో దానిని పోల్చాడు. సమాంతర రేఖలు అనంతదూరంలో కలుస్తాయని చెప్పే తరువాతి కాలపు జ్యామితిని ఆయన ఎరగడు. కాని సూత్రం ఎక్కడ మౌనం వహిస్తుందో ఆ చోటును గుర్తించి, దానికొక పేరు పెట్టడం చిన్న విషయం కాదు. నేటి పాఠ్యపుస్తకం అలాంటి జతను అసంగత సమీకరణాలు అంటుంది.

ఖండన బిందువు అవసరం పాఠశాల గోడలు దాటి భారతదేశ భూభాగం అంతటికీ విస్తరించిన ఘట్టం 19వ శతాబ్దంలో వచ్చింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ సమీపంలో సుమారు 7.5 మైళ్ల ఆధారరేఖను గొలుసుతో కొలిపించాడు. అదే తరువాత మహా త్రికోణమితీయ సర్వేగా ప్రసిద్ధికెక్కిన పనికి ఆరంభం. ఆ త్రికోణాల వరుస నైజాం రాజ్యంగుండా ఉత్తరానికి సాగింది. 1815లో బీదరు వద్ద మరొక ఆధారరేఖను కొలిచారు. లాంబ్టన్ సహాయకుడుగా జార్జి ఎవరెస్టు చేరినది హైదరాబాదులోనే. లాంబ్టన్ 1823లో నేటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ వద్ద మరణించగా, ఆ పని భారం ఎవరెస్టు మీద పడింది.

సర్వే సూత్రం వెదుళ్ల దారాల వంటిదే. స్థానం తెలిసిన రెండు చోట్లనుంచి దూరాన ఉన్న శిఖరాన్నో గోపురాన్నో గురిచూసి కోణాలు కొలుస్తారు. ఒక్కొక్క చూపు ఒక్కొక్క సరళరేఖ. ఒక్క రేఖతో ఆ శిఖరం ఏ దిక్కున ఉన్నదో మాత్రమే తెలుస్తుంది. రెండవ రేఖ వచ్చి ఖండించినప్పుడు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. అక్కడికి నడిచిపోవలసిన పని లేదు. భూమి వంపు, గాలి పొరలలో కాంతి వంగడం వంటివి చేరడంతో అసలు గణన త్రికోణమితితో బహు క్లిష్టమవుతుంది. అయినా మూలభావం అదే.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ హిమాలయాలలోని పదిహేనవ సంఖ్య శిఖరం. నేపాలులోకి సర్వే బృందాలకు ప్రవేశం లేనందున, 1849-50లో జేమ్స్ నికల్సన్ బీహారు మైదానంలోని ఆరు కేంద్రాలనుంచి దానిని గురిచూశాడు. అవి శిఖరానికి సుమారు 108 నుంచి 118 మైళ్ల దూరంలో ఉన్నాయి. ఆరు చోట్లనుంచి ఆరు రకాల ఎత్తులు వచ్చాయి. పుస్తకంలోని రేఖలవలె కొలతలలోని రేఖలు ఒకే బిందువు దగ్గర కలవవు. వాటి సగటుగా తేలిన 29,002 అడుగుల ఎత్తును 1856లో ప్రకటించారు. 1865లో ఆ శిఖరానికి ఎవరెస్టు పేరు స్థిరపడింది. 2020లో నేపాలు, చైనా సంయుక్తంగా ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. ఎవరూ అడుగుపెట్టకుండా, వంద మైళ్లకు పైబడిన దూరంనుంచి చేసిన ఆ గణనకూ దీనికీ తేడా సుమారు 9 మీటర్లు మాత్రమే.

ఆ గణన వెనుక రాధానాథ్ సిక్‌దర్ ఉన్నాడు. 1813లో జన్మించిన ఈ బెంగాలీ గణితజ్ఞుడు 1831లో సర్వేలో గణకుడుగా చేరి, తరువాత ప్రధాన గణకుడైనాడు. పదిహేనవ శిఖరమే అన్నిటికంటె ఎత్తయినదని తేల్చినవాడు ఆయన ఒక్కడేనన్న కథనం ప్రచారంలో ఉంది. అది అనేకులు పాల్గొన్న సుదీర్ఘమైన పనియని చరిత్రకారులు హెచ్చరిస్తున్నారు. కాని మరొక విషయంలో సందేహానికి తావులేదు. 1851లో వెలువడిన సర్వే కరదీపికలో గణిత భాగాలకు సిక్‌దర్ చేసిన సహాయాన్ని సంపాదకులు పేరుపెట్టి కొనియాడారు. 1870లో ఆయన మరణించిన తరువాత, 1875 ముద్రణలో గణితం నిలిచింది, ఆ పేరు మాయమైంది. అప్పుడే పత్రికాముఖంగా దానిని ఆక్షేపించినవారు ఉన్నారు.

పేర్లు మాయం కావడం ఈ చరిత్రలో అరుదైన సంగతి కాదు. గొలుసులు మోసినవారి పేర్లు, కొండల మీద దీపాలు పట్టినవారి పేర్లు ఏ ముద్రణలోనూ లేవు. మల్లన పద్యాలను తాటాకుల మీద తరతరాలుగా తిరగరాసిన లేఖకుల పేర్లలో ఎన్నో దక్కలేదు. వారు లేకుంటే సూత్రం ఒక తరంనుంచి మరొక తరానికి చేరేది కాదు.

నేటి తరగతి గదిలో రెండు సమీకరణాలను పరిష్కరించే బాలికకు ఈ సంగతులన్నీ తెలియనవసరం లేదన్న వాదన ఉండవచ్చు. జవాబు సరిగ్గా వస్తే చాలునని పరీక్ష అంటుంది. కాని నడుమ దూరం తెలియకపోయినా లంబం తెలుసుకోవచ్చునన్న భాస్కరుని లెక్కను ఒక్కసారి ఆమె ముందుంచితే, రెండు పుల్లలు, రెండు దారాలతో తానే దానిని పరీక్షించి చూడగలదు. పుల్లలను దూరంగా జరిపినా, దగ్గరగా జరిపినా, దారాలు ఖండించుకునే ఎత్తు మారకపోవడం ఆమె కంటపడుతుంది. ఎందుకు మారలేదన్న ప్రశ్న అప్పుడు ఆమెదే అవుతుంది. ఆ ప్రశ్నను భాస్కరుడు సంస్కృతంలో అడిగాడు, ఫైజీ పారసీలో అడిగాడు. అంతకు ముందే గణితాన్ని తెలుగులో అడగడానికి దారి వేసిపెట్టినవాడు పావులూరి మల్లన.